ఉప్పు కొండ మీద జిరాఫీలు

గల్ఫ్‌లో స్థిరపడ్డ తెలుగు ఇళ్ళలో సెలవులంటే ఊరు. టికెట్ల ధర ఎప్పుడు దిగుతుందో కనిపెట్టుకుని, పెట్టెలు నాలుగుసార్లు తూకం వేసుకుని, శంషాబాద్‌లోనో గన్నవరంలోనో దిగి, చుట్టాల ఇళ్ళన్నీ చుట్టబెట్టి వచ్చేయడం. విహారయాత్ర అనే మాట ఆ ఇళ్ళలోకి పిల్లలతో పాటే వచ్చింది. డిసెంబరు మధ్యలో బడికి సెలవులిస్తారు. అదే సమయానికి అమ్మమ్మో నాయనమ్మో విజిట్ వీసా మీద వచ్చి ఉంటారు. బయట గాలి హాయిగా ఉంటుంది. ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాలి. మాల్దీవులంటే నాలుగు గంటల విమానం, ఇంటిల్లిపాదికీ టికెట్లు. ఆ లెక్క కాగితం మీద వేశాక, దగ్గర్లో ఏ దీవులున్నాయా అని వెతకడం మొదలవుతుంది.

యూఏఈలో దీవులకు కొదవ లేదు. అబుధాబి నగరమే ఒక దీవి. యాస్ దీవిలో ఫెరారీ వరల్డ్, సీవరల్డ్ ఉన్నాయి. సాదియాత్‌లో లూవ్ర్ మ్యూజియం. దుబాయ్‌లో సముద్రంలో ఇసుక పోసి ఖర్జూర చెట్టు ఆకారంలో కట్టిన పామ్ జుమేరా. అన్నిటికీ మామూలు రోడ్డు మీదే వెళ్ళిపోవచ్చు. కారు దిగకుండా చేరే దీవిని నాలుగేళ్ళ పిల్ల దీవి అని ఒప్పుకోదు. మా ఇంట్లో ఆ వయసు మనిషి పెట్టిన షరతు ఒక్కటే: పడవ ఎక్కాలి. ఆ షరతుకు లోబడి, కొండలూ జంతువులూ కూడా ఉన్నది సర్ బనీ యాస్.

అబుధాబి నుంచి పడమరగా సౌదీ సరిహద్దు వైపు ఈ-11 హైవే మీద సుమారు 240 కిలోమీటర్లు వెళితే జెబెల్ దన్నా వస్తుంది. అక్కడి రేవు నుంచి దీవికి పడవ. దుబాయ్ నుంచి బయల్దేరితే ఇంకో 140 కిలోమీటర్లు కలుపుకోవాలి. తరీఫ్, మిర్ఫా దాటాక దారి పొడవునా చదునైన ఉప్పు నేల, దూరంగా కరెంటు స్తంభాలు, అప్పుడప్పుడు ఒంటెలు. పిల్లలకు ఇది విసుగు పుట్టించే దారి. నాలుగేళ్ళ లోపు వాళ్ళను ప్రత్యేకమైన సీటులో కట్టి కూర్చోబెట్టాలని 2017 నుంచి ఇక్కడ చట్టం. కాబట్టి ఒళ్ళో కూర్చోబెట్టుకుని కిటికీలోంచి ఒంటెను చూపించే మన అలవాటు పనికిరాదు. మధ్యలో రెండు మూడు చోట్ల ఆగుతూ వెళ్ళడమే మేలు.

ఆగాల్సిన చోటు రువైస్ దగ్గర తప్పకుండా ఒకటి ఉండాలి. చమురు శుద్ధి కర్మాగారాల ఊరు అది. ఇంకాస్త పడమరగా బరాకా అణు విద్యుత్ కేంద్రం. పెట్రోలు బంకు పక్క టీ కొట్టు దగ్గర నిలబడితే తెలుగు చెవిన పడుతుంది. మా అత్తమ్మది జగిత్యాల. అక్కడ టీ తాగుతున్న కుర్రాడిది పక్క మండలమని తేలేసరికి ఆవిడ ప్రయాణం సంగతే మరిచిపోయింది. అతను రెండేళ్ళకోసారి ఇంటికి వెళ్తాడు. కొడుకు పుట్టి ఏడాది దాటింది, ఇంకా ఎత్తుకోలేదు. భార్యాబిడ్డల్ని ఇక్కడికి తెచ్చుకోవాలంటే నెలకు కనీసం 4,000 దిర్హాముల జీతం, లేదా 3,000 జీతంతో పాటు కంపెనీ ఇల్లు ఉండాలన్నది నిబంధన. క్యాంపులో బంకు మంచం మీద పడుకునేవాడికి ఆ గీత దాటడం కష్టం. చిన్నపిల్లలతో దీవికి విహారం అన్న ముచ్చట ఈ దేశంలో ఎవరికి దక్కుతుందో, ఎవరికి దక్కదో ఆ గీతే తేలుస్తుంది. అతను పనిచేసే తీరం పక్కనున్న జెబెల్ దన్నా ఒడ్డున నిలబడితే దీవి కొండలు మామూలు కంటికే కనిపిస్తాయి.

ఒడ్డు నుంచి దీవికి తొమ్మిది కిలోమీటర్ల లోపే. వైశాల్యం సుమారు 87 చదరపు కిలోమీటర్లు. ప్రకటనల్లో ఉష్ణమండల స్వర్గం అని రాస్తారు గానీ, కర్కటరేఖ దీనికి దక్షిణంగా దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో పోతుంది. ఆ లెక్కన ఉష్ణమండలంలో ఉన్నది లివా ఒయాసిస్ ఇసుక దిబ్బలు, ఈ దీవి కాదు. ఎండకు ఆ సంగతి తెలియదనుకోండి. మే నుంచి సెప్టెంబరు దాకా పసిపిల్లల్ని ఇక్కడికి తీసుకురావడం వాళ్ళను గదిలో బంధించడానికే. నవంబరు నుంచి మార్చి వరకే దీని కాలం.

దీవి నడుమ ఉన్న కొండల్ని పైకి లేపింది ఉప్పు అంటే పిల్లలు నమ్మరు. 50 కోట్ల ఏళ్ళ కిందట ఎండిపోయిన సముద్రం వదిలిన ఉప్పు నేల అడుగున పేరుకుపోయింది. పైన రాతి పొరలు పడుతూ వచ్చాయి. ఉప్పు రాయి కంటే తేలిక, ఒత్తిడి పడితే మెత్తగా కదులుతుంది. పాలు పొంగి మీగడను పైకి నెట్టినట్టు అది పైపొరల్ని నెట్టుకుంటూ లేచింది. అలా లేచిన గుట్టల్లో ఎత్తయినది సుమారు 148 మీటర్లు. ఎరుపు, ఊదా, బూడిద రంగుల చారలతో, పగుళ్ళలో జిప్సం తళుకులతో ఉంటుంది. జెబెల్ దన్నా కూడా ఇలాంటి ఉప్పు గుట్టే. అక్కడ ఒకప్పుడు గంధకం తవ్వేవారు.

ఇలాంటి నేల మీద అడవి మొలవదు. మొలిపించారు. 1966లో అబుధాబి పాలకుడై, తర్వాత దేశానికి తొలి అధ్యక్షుడైన షేక్ జాయెద్ 1970 దశకంలో ఈ దీవిలో వేటను నిషేధించి, చెట్లు నాటించడం, జంతువుల్ని తెప్పించడం మొదలుపెట్టాడు. అబుధాబి, దుబాయ్ రాజవంశాలు రెండూ బనీ యాస్ తెగ నుంచి వచ్చినవే. దీవి పేరులో ఉన్నదీ ఆ తెగే. ఏళ్ళ తరబడి లక్షల మొక్కలు నాటారు. ఇప్పటికీ ప్రతి చెట్టు మొదట్లో నల్లటి డ్రిప్ గొట్టం కనిపిస్తుంది. ఉప్పు తీసిన సముద్రపు నీళ్ళు ఆగిపోతే ఈ పచ్చదనం ఎన్నాళ్ళుంటుంది అన్న అనుమానం రాకమానదు. 2008లో హోటల్ తెరిచాక గానీ పర్యాటకులకు దారి దొరకలేదు.

సఫారీ బండిలో వెళ్తుండగా అత్తమ్మ ఒక్కసారిగా బండి ఆపమంది. “గిది మన జమ్మి చెట్టే గదా బిడ్డా! గీడికెట్లొచ్చింది?” అని కూతుర్ని అడిగి, దిగే వీల్లేకపోతే కూర్చున్నచోటే చేతులు జోడించింది. నిజంగా జమ్మే. తెలంగాణ రాష్ట్ర వృక్షం, దసరా రోజు ఆకు తెంపి బంగారమని చేతుల్లో పెట్టే చెట్టు. ఇక్కడ దాన్ని గాఫ్ అంటారు. 2008లో యూఏఈ దీన్ని జాతీయ వృక్షంగా ప్రకటించింది. తమాషా ఏమిటంటే, ఈ దీవిలో చూసే వాటిల్లో ఎక్కువ భాగం ఎక్కడి నుంచో తెచ్చినవి. మన ఊరి నుంచి వచ్చిందేమో అని ఆవిడ అనుకున్న జమ్మి మాత్రం అక్షరాలా ఈ దేశపు చెట్టు. వేళ్ళు లోతుగా దించుకుని, గొట్టం లేకుండానే ఎడారిలో బతకగలిగేది అదే.

మన దగ్గర్నుంచి వచ్చింది వేరే ఉంది: కృష్ణజింక. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. నేను కాకినాడ వాణ్ణి. మా రాష్ట్ర జంతువును మందలో చూడటానికి అరబ్బు దీవికి రావాల్సి వచ్చింది. మెలి తిరిగిన కొమ్ములు, నల్లటి వీపు, తెల్లటి పొట్ట. ఇసుక రంగు గజెల్ల మధ్య ఇట్టే పోల్చుకోవచ్చు.

దీవిలో సగం వరకు వన్యప్రాణుల పార్కే. జంతువులు వేలల్లో ఉన్నాయి. జిరాఫీలు, చీతాలు, చారల హైనాలు. పిల్లలందరికీ జిరాఫీ ముందు, మిగతావి తర్వాత. ముళ్ళ తుమ్మ కొమ్మను నాలుకతో లాగి తింటుంటే మా చిన్నది “దానికి ముల్లు గుచ్చుకోదా నాన్నా?” అని అడిగిన ప్రశ్నకు గైడు దగ్గర నాకంటే మంచి సమాధానం ఉంది. ఆఫ్రికా జంతువుల్ని తెచ్చి అరబ్బు ఉప్పు గుట్టల మధ్య వదలడం ఎందుకన్న ప్రశ్నకు మాత్రం నాకు తృప్తికరమైన సమాధానం తట్టలేదు. చూడ్డానికి బాగుంది, అంతే. కంచె లోపల చీతా వేటాడటాన్ని అడవి అనుకోమంటే మనసొప్పదు.

ఓరిక్స్ సంగతి వేరు. తెల్లటి ఒళ్ళు, కత్తుల్లాంటి రెండు నిటారు కొమ్ములు. జీపులూ తుపాకులూ వచ్చాక అరేబియా అంతటా దీన్ని వేటాడి తుడిచిపెట్టేశారు. అడవిలో మిగిలిన చివరివి 1972లో ఒమన్‌లో పోయాయి. అప్పటికే కొన్నిటిని పట్టి అమెరికాలోని ఫీనిక్స్ జూలోనూ, అరబ్బు పాలకుల తోటల్లోనూ సాకుతుండటం వల్ల జాతి నిలిచింది. 1982 నుంచి మళ్ళీ ఎడారిలోకి వదలడం మొదలుపెట్టారు. 2011 నాటికి ఓరిక్స్ ముప్పు జాబితాలో ఒక మెట్టు దిగింది. అడవిలో పూర్తిగా అంతరించి, అంతగా కోలుకున్న తొలి జంతువు ఇదేనంటారు. వాటి పెద్ద మందల్లో ఒకటి ఈ దీవిలో తిరుగుతుంది. ఇక్కడికి వచ్చే పిల్లలకు జిరాఫీ కథ కంటే ముందు ఈ కథ చెప్పాలి. వింటారన్న హామీ లేదు.

సముద్రం గురించి కూడా చెప్పుకోవాలి. మామూలు సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పుంటే, ఈ నీటిలో 40 దాటుతుంది. తేలడం సులువు, కళ్ళు మండటం ఖాయం. అలలు చిన్నవి, తీరం లోతు లేనిది, పిల్లలు భయం లేకుండా ఆడతారు. జనవరిలో మాత్రం నీళ్ళు చల్లగా ఉండి, మోకాలి లోతు దాటనివ్వవు. అబుధాబి సముద్రంలో దాదాపు 3,000 సముద్రపు ఆవులున్నాయి. ఆస్ట్రేలియా తర్వాత పెద్ద మంద ఇదే. తీరం వెంట మడ చెట్లు. మా కోరింగ అడవిలో ఉన్న జాతే, కాకపోతే గోదావరి తీపి నీళ్ళు లేక ఇక్కడ పొట్టిగా పెరుగుతాయి.

దీవి తూర్పున ఉన్న రాతి పునాదుల దగ్గర చాలామంది బండి దిగరు. దిగాలి. 1992లో బయటపడిన ఈ కట్టడం క్రైస్తవ సన్యాసుల మఠం. 7, 8 శతాబ్దాల నాటిది. మనకు వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్న కాలం. ఇస్లాం వచ్చిన తర్వాత కూడా చాలా ఏళ్ళు ఇక్కడ ప్రార్థనలు సాగాయి. ధ్వంసమైన ఆనవాళ్ళు లేవు, మెల్లగా విడిచి వెళ్ళినట్టుంది. 2025 తవ్వకాల్లో గార మీద పోత పోసిన శిలువ పలక దొరికింది. చిన్నపిల్లలకు ఇందులో చూడ్డానికేమీ ఉండదు. గోడలు మోకాలి ఎత్తు, పరిగెత్తడానికి బాగుంటుందని వాళ్ళ అభిప్రాయం. వాళ్ళను కంచె ఇవతలే ఉంచడం మన పని.

ఖర్చు దగ్గర దాపరికం అనవసరం. దీవిలో ఉన్న కొద్ది హోటళ్ళూ ఖరీదైనవే, వారాంతంలో ఇంకా ఖరీదు. ఆదివారం నుంచి గురువారం మధ్య రెండు రాత్రులు చాలు. సఫారీ, కయాక్, గుర్రపు స్వారీ వేటికి ఎంత వయసుండాలో గది తీసుకునేటప్పుడే అడగాలి. అక్కడికి వెళ్ళాక పిల్లల్ని వద్దంటే ఏడుపులు మనకే. పొద్దుటి సఫారీకి స్వెట్టరు కావాలి. తిండికి బెంగ లేదు. బఫేలో అన్నం, పెరుగు ఉంటాయి. మా అత్తమ్మ సంచిలోంచి మామిడికాయ పచ్చడి డబ్బా బయటికి తీస్తే వడ్డించే కేరళ కుర్రాడు నవ్వి స్పూను తెచ్చిచ్చాడు.

గాలిమరలు కొత్తగా వచ్చాయి. 2023లో మొదలైన దేశపు తొలి పెద్ద పవన విద్యుత్ పథకంలో 45 మెగావాట్లు ఈ దీవి వంతు. కొందరికి అవి కంటికి అడ్డం. పిల్లలకు జిరాఫీ తర్వాతి స్థానం వాటిదే.

వెనిస్ నగల వ్యాపారి గాస్పరో బాల్బీ 1590లో అచ్చువేసిన యాత్రా గ్రంథంలో ఈ దీవి పేరు ఉంది, ముత్యాలు దొరికే చోటుగా. గల్ఫ్ ముత్యాలే బస్రా ముత్యాలన్న పేరుతో బొంబాయికీ, అక్కడి నుంచి హైదరాబాదుకూ వెళ్ళేవి. నిజాం నగల్లోని ఏడు పేటల సత్లాడా ఆ ముత్యాలదే. 1930ల్లో జపాన్ పెంపుడు ముత్యాలు వచ్చి ఈ వ్యాపారాన్ని కూల్చేశాయి. ఆ ముత్యాల కాలపు ఆనవాళ్ళు చూడాలంటే సర్ బనీ యాస్ కాదు, ఇదే తీరం నుంచి కార్లను కూడా ఎక్కించుకుని వెళ్ళే ఫెర్రీలో దెల్మా దీవికి పోవాలి. అక్కడ మనుషులు తరతరాలుగా కాపురం ఉంటున్నారు. బడి ఉంది, చేపల బజారు ఉంది, ముత్యాల వర్తకుడి పాత ఇల్లు మ్యూజియంగా ఉంది. హోటల్ ఆర్భాటం తక్కువ. వచ్చే చలికాలానికి మా ఇంట్లో బేరం దాని మీదే నడుస్తోంది. అత్తమ్మ ముత్యాల వైపు, పిల్ల జిరాఫీల వైపు.