చిన్న పలుకు – పెద్ద చెలిమి

బోర్నియో ద్వీపమునకు ఉత్తరభాగమున సబా అను రాష్ట్రము కలదు. అది 1963వ సంవత్సరమున మలేషియా సమాఖ్యలో చేరినది. కదజాన్-దుసున్, బజావు, మురుత్ మున్నగు పెక్కు జాతులవారును, చీనావారును అచ్చట కలిసి నివసింతురు. ఇంటిభాషలు వేరైనను, అంగడిలోను, రేవులోను, బడిలోను వారినందరిని కలుపునది సబా మలయ మాండలికము.

ఈ మాండలికమున "బా" అను చిన్న పలుకు మాటిమాటికి వినవచ్చును. దానికి విడిగా అర్థము చెప్పుట కష్టము; కాని దానిని తీసివేసినచో మాటలోని ఆప్యాయత తగ్గిపోవును. "మకన్" అనగా "తినుము". అది ఒక్కొకప్పుడు ఆజ్ఞవలె తోచును. "మకన్ బా" అన్నచో "మొగమాటము వలదు, తినుము" అని ప్రేమతో పిలిచినట్లగును. సాయము కోరినవానికి "బొలే" అని బదులు చెప్పినచో "వీలగును" అని మాత్రమే అర్థము. "బొలే బా" అన్నచో "దానికేమి, తప్పక చేసెదను" అను ధైర్యము కలుగును. "బుకన్" అనగా "కాదు". "బుకన్ బా" అన్నచో, ఎదుటివాని మాటను కాదన్నను అతని మనస్సు నొవ్వదు. సెలవు తీసికొనునపుడును "బా, సయా బాలిక్ దులు" అందురు; అనగా "సరి, నేనిక ఇంటికి పోయివత్తును" అని. పిలుపునకు, ఒప్పుకోలునకు, వీడ్కోలునకు అదే పలుకు. దాని భావము కంఠస్వరమును బట్టియు, సందర్భమును బట్టియు తెలియును.

"కన్" అనునది ఇట్టిదే మరియొక పలుకు. ఇది "బుకన్" అను మాట కురుచయై ఏర్పడినది. "సెదప్ కన్" అనగా "రుచిగా నున్నది కదా" అని. తెలుగులోని "కదా" యును "కాదు" అను మాటకు చుట్టమే. కాదను అర్థముగల మాటతోనే రెండు భాషలవారును వినువానిచే ఔననిపించుట గమనింపదగినది. చెప్పువాడు తన అభిప్రాయమును ఎదుటివానిపై రుద్దక, అతనిని అందులో భాగస్వామిగా చేర్చుకొనుచున్నాడు.

అధికారపత్రములలో "బా" వంటి పలుకులు కానరావు. అందుచే ఇవి ఉత్త ఊతపదములని కొందరు తలపవచ్చును. అది సరికాదు. పుస్తకములలోని మలయ భాషను చక్కగా నేర్చిన పరదేశి సబాలో ధర అడుగగలడు, త్రోవ తెలిసికొనగలడు. కాని తావెరిగి "బా" అనగలిగిననాడు అతడు అచ్చటివారికి మరింత దగ్గరివాడగును. కావున ఒక భాషను నేర్వగోరువారు నిఘంటువును చదువుటతోపాటు, ఆ ప్రజలు ఒకరితో నొకరు మాటలాడుకొను తీరును గూడ చెవియొగ్గి వినవలెను.