ఇండో-జాజ్ ఆల్బములు

ఇండో-జాజ్ అనగా భారతీయ శాస్త్రీయ సంగీతమూ, అమెరికాలో నల్లజాతి సంగీతకారుల నుండి పుట్టిన జాజ్ సంగీతమూ కలిసి ఏర్పడిన శైలి. 1960వ దశకం నుండి ఈ శైలిలో అనేక రికార్డులు వెలువడినాయి. వీటిలో చాలావరకు ఒక సంగీతానికి మరొకదాని అలంకారాలను తగిలించినవే. రెండు సంప్రదాయాల కళాకారులు ఒకరినొకరు నిజంగా విని, బదులు పలికినవి కొద్ది మాత్రమే. శ్రద్ధగా వినదలచినవారు సేకరించుకోదగిన ఏడు ఆల్బములను, వెలువడిన క్రమంలో, ఈ వ్యాసం పరిచయం చేస్తుంది. కోస్తా ఆంధ్రలోని పాలకొల్లులో జన్మించిన మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్‌కు ఈ పరంపరలో ముఖ్య స్థానం కలదు.

రెండు సంగీతాల పోలిక

రెండింటికీ ప్రాణం మనోధర్మమే. కర్ణాటక విద్వాంసుడు కల్పనస్వరాలు వేసినట్లే, జాజ్ వాద్యకారుడు కూడా ఒక బాణీని ఆధారం చేసుకొని అప్పటికప్పుడు సంగీతాన్ని కల్పిస్తాడు. ఆ బాణీ నడిచే మాత్రల చక్రం మన తాళావర్తనం వలె మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది.

తేడా అంతా శ్రుతిలో ఉన్నది. కర్ణాటక సంగీతంలో తంబురా పలికే ఆధార షడ్జం కచేరీ అంతటా మారదు. ప్రతి స్వరానికీ దానితోనే అర్థం ఏర్పడుతుంది. జాజ్‌లో కొన్ని స్వరాలను ఒకేసారి పలికించే 'కార్డు'లు తరచుగా మారుతూ ఉంటాయి. వాటిని అనుసరించి వాయించేవాడు తన స్వరాలను మార్చుకోవాలి. ఈ మార్పుల నడుమ రాగం నిలవదు. అందువలన జాజ్ తనంతట తాను కార్డులను తగ్గించుకున్న తరువాతనే ఈ కలయికకు దారి ఏర్పడినది.

పునాది వేసిన రికార్డులు

1. కైండ్ ఆఫ్ బ్లూ (1959): ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బము. ఇందులో భారతీయ వాద్యమేదీ లేదు. అయినా ఈ జాబితాకు ఇదే మొదలు. మొదటి రచన 'సో వాట్' 32 గతుల చక్రంలో నడుస్తుంది. అందులో 16 గతుల పాటు ఒకే స్వరశ్రేణి ఉంటుంది. ఆ శ్రేణిలోని స్వరస్థానాలు 22వ మేళకర్త అయిన ఖరహరప్రియ స్వరస్థానాలే. తరువాతి 8 గతులలో శ్రేణి మొత్తం అర స్వరం పైకి జరిగి, చివరి 8 గతులలో తిరిగి దిగుతుంది. గమకాలు లేనందున దీనిని రాగమని అనలేము. కానీ ఒకే స్వరశ్రేణిలో ఎక్కువసేపు నిలిచి విస్తరించే పద్ధతి జాజ్ శ్రోతలకు ఈ రికార్డుతో అలవాటైనది.

2. ఇంప్రెషన్స్ (1963): పై రికార్డులో శాక్సోఫోన్ వాయించిన జాన్ కోల్ట్రేన్ ఆల్బము. ఇందులోని 'ఇండియా' అను రచన 1961 నవంబరులో న్యూయార్కులోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో ధ్వనిముద్రణ జరిగినది. ఇందులో రెండు బేస్ వాద్యాలు కలిసి తంబురాను తలపించే నాదాన్ని నిలుపుతాయి. సితార్ విద్వాంసుడు రవిశంకర్‌పై గౌరవంతో కోల్ట్రేన్ తన కుమారునికి రవి అని పేరు పెట్టాడు.

తొలి ప్రయత్నం

3. ఇండో-జాజ్ సూట్ (1966): కలకత్తాలో పుట్టిన స్వరకర్త జాన్ మేయర్, జమైకాలో పుట్టిన శాక్సోఫోన్ వాద్యకారుడు జో హారియట్ కలిసి లండనులో చేసిన ప్రయత్నం. ఐదుగురు జాజ్ కళాకారులు, ఐదుగురు భారతీయ సంగీత బృందం వారు ఇందులో పాల్గొన్నారు. సంగీతంలో ఎక్కువ భాగం మేయర్ ముందుగా వ్రాసినదే కావడం వలన రెండు బృందాలూ పక్కపక్కనే నడిచినట్లు వినిపిస్తాయి. సమస్య ఎక్కడున్నదో తెలుసుకోవడానికి ఈ రికార్డు ఉపయోగపడుతుంది.

శక్తి బృందం

4. శక్తి (1976): ఆంగ్లేయ గిటారు వాద్యకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్, వయోలిన్ విద్వాంసుడు ఎల్.శంకర్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్, ఘట విద్వాంసుడు విక్కు వినాయకరాం, మృదంగ విద్వాంసుడు ఆర్.రాఘవన్ ఇందులో వాయించారు. 1975 జూలై 5న న్యూయార్కు రాష్ట్రంలో జరిగిన కచేరీకి ఇది ధ్వనిముద్రణ. అంతకుముందు విద్యుత్ గిటారుతో పేరుపొందిన మెక్‌లాఫ్లిన్ వీణ నేర్చుకున్నాడు. తన గిటారుకు అదనపు నాదతంత్రులు అమర్చి, గమకం పలికేలా మెట్ల మధ్య చెక్కను గుంటలుగా చెక్కించుకున్నాడు. ఇక్కడ జాజ్ కళాకారుడే తాళం లెక్కలు నేర్చి, తోటివారితో కలిసి సమానికి చేరుకుంటాడు. కలయిక నిజమైనది ఇక్కడే.

మాండలిన్ శ్రీనివాస్

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న జన్మించాడు. ఈయన గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడి వినిపించగా, బాలుడు దానిని తంత్రులపై పలికించేవాడు. ఈయన వాద్యంలో గాత్రధోరణి కనిపించడానికి ఈ శిక్షణే మూలం. మామూలు మాండలిన్‌లో జంటతంత్రులు ఉండుట వలన, నాదం త్వరగా ఆరిపోవుట వలన గమకం కష్టం. శ్రీనివాస్ ఐదు ఒంటితంత్రులు గల విద్యుత్ మాండలిన్‌ను స్వీకరించి ఈ లోపాన్ని అధిగమించాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాలలో తొలి కచేరీ చేసిన ఈయన, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. తరువాత మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్ పునరుద్ధరించిన 'రిమెంబర్ శక్తి' బృందంలో చేరాడు.

5. ది బిలీవర్ (2000): మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్, శ్రీనివాస్, వినాయకరాం కుమారుడు వి.సెల్వగణేశ్ (కంజీర) వాయించిన కచేరీ ధ్వనిముద్రణ. గిటారు, మాండలిన్ రెండూ తంత్రీవాద్యాలే కావడంతో ప్రశ్న ఎవరిదో, జవాబు ఎవరిదో గుర్తుపట్టడానికి చెవిపెట్టి వినవలసి ఉంటుంది.

6. సాటర్‌డే నైట్ ఇన్ బాంబే (2001): గాయకుడు శంకర్ మహదేవన్, సంతూర్ విద్వాంసుడు శివకుమార్ శర్మ మొదలైనవారు పాల్గొన్న కచేరీ. ఇందులోని 'గిరిరాజ్ సుధ'కు త్యాగరాజస్వామి కీర్తన ఆధారం. తెలుగువారు ఈ జాబితాను ఇక్కడి నుండి మొదలుపెట్టవచ్చును.

శ్రీనివాస్ అనంతరం

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ల వయసులో చెన్నైలో మరణించాడు.

7. దిస్ మూమెంట్ (2023): శక్తి పేరుతో మళ్ళీ వెలువడిన ఆల్బము. శ్రీనివాస్ స్మృతికి గుర్తుగా ఒక రచనకు 'శ్రీనీస్ డ్రీమ్' అని పేరు పెట్టారు. ఈ ఆల్బముకు 2024లో గ్రామీ పురస్కారం లభించినది. అదే సంవత్సరం డిసెంబరు 15న జాకీర్ హుస్సేన్ మరణించాడు.

వినే పద్ధతి

ఒక్కొక్క రికార్డును కనీసం రెండుసార్లు వినడం మంచిది. మొదటిసారి ఆధార నాదం ఎక్కడ ఉన్నదో, అది మారుతున్నదో లేదో గమనించాలి. రెండవసారి చేతితో తాళం వేస్తూ, వాద్యకారులు సమానికి ఎలా చేరుతున్నారో చూడాలి. 3వ రికార్డు తరువాత వెంటనే 4వది వింటే, పక్కపక్కన వాయించడానికీ కలిసి వాయించడానికీ గల తేడా ఎవరికైనా తెలుస్తుంది.