ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోతలు

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో మేము నాలుగేళ్లు అద్దెకున్నాం. అద్దె ఏ నెలా అయిదో తారీఖు దాటనివ్వలేదు. ఖాళీ చేసిన రోజున, 50,000 రూపాయల అడ్వాన్సులో యజమాని మా చేతిలో పెట్టింది 21,500. రంగులకు 18,000, శుభ్రం చేయించడానికి 3,500, గీజరుకు 4,000, వంటగది గట్టు మీద మచ్చకు 3,000 పట్టుకున్నారు. ఆ డబ్బుతోనే మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాల్సి ఉంది.

పోనీలే, గొడవెందుకని మొదట మేమూ అనుకున్నాం. రాత్రి కూర్చుని ఒక్కొక్క పద్దూ చూస్తే ఊరుకోవాలనిపించలేదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అద్దెదారు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలో అప్పగించాలి. అయితే మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు మినహాయింపు ఉంది. నాలుగేళ్లకు వెలిసిన రంగు మన బాకీ కాదు. మేకులు కొట్టి గోడ పెచ్చులూడగొడితే, పిల్లలు కిటికీ అద్దం పగలగొడితే మన బాకీయే. ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఒక నెల అద్దె పట్టుకోవడం మన ఊళ్లలో వాడుక. అది కాగితంలో రాసి ఉండి మనం సంతకం చేస్తే తర్వాత వాదించడం కష్టం. మా కాగితంలో ఆ మాట లేదు.

గీజరు మేము చేరేటప్పటికే పాతది. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని లోపలి కాయిల్ పోయిందని రెండో ఏడే యజమానికి మెసేజ్ పెట్టాం. అది ఫోన్‌లో ఇంకా ఉంది. గోడలకు ఫొటోలు తీసుకోలేదు, అది మా తప్పే. కానీ చేరిన నెలలోనే వచ్చిన రంజాన్ పండుగకు పిల్లలు హాల్లో దిగిన ఫొటోలో, వాళ్ల వెనక గోడ మీద చెమ్మ మచ్చ స్పష్టంగా కనిపిస్తోంది! పాలరాతి గట్టు మీద మచ్చ మాత్రం మాదే. నిమ్మరసం ఒలికితే పాలరాయి మెరుపు పోతుందని అప్పటిదాకా మాకు తెలియదు.

ఇవన్నీ ఒక పేజీలో మర్యాదగా రాసి, మచ్చ మాదేనని ఒప్పుకుని, ప్రతి కోతకూ బిల్లు చూపమని 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. రసీదు దాచుకున్నాం. పన్నెండో రోజున ఆయనే ఫోన్ చేశారు. రంగుల డబ్బు, గీజరు డబ్బు తిరిగి ఇచ్చారు. గట్టు పాలిష్‌కు అయిన 1,200 ఉంచుకుని 1,800 వెనక్కిచ్చారు. శుభ్రం చేయించిన 3,500కి బిల్లు లేదు, డబ్బూ రాలేదు. అక్కడితో వదిలేశాం.

ఉత్తరానికి లొంగకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు. కేసు వేయకముందే లోక్ అదాలత్ ద్వారా రాజీకి ప్రయత్నిస్తారు, కోర్టు ఫీజు ఉండదు. కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఒంటరిగా పిల్లలను పెంచుకుంటున్న తల్లులకు ఈ సంగతి తప్పక చెప్పండి.

ఈ సంచిక చదివేవారిలో ఇళ్లు అద్దెకిచ్చేవారూ ఉన్నారు. అడ్వాన్సు మీ దగ్గరున్న అమానతు. కోత తప్పనప్పుడు బిల్లు చూపించండి.

కొత్త ఇంట్లో సామాన్లు దించకముందే యజమానితో కలిసి గదులన్నీ తిరిగాం. గోడలు, కుళాయిలు, కరెంటు మీటరు ఫొటోలు తీసి ఆయనకే వాట్సాప్‌లో పంపాం. బాత్రూం తలుపు కింద చెక్క ఉబ్బి ఉందని రాస్తే, ఆయన నవ్వి, మర్నాడే వడ్రంగిని పంపారు.