బంతాట ఖతారులో... బెంగ మన పల్లెల్లో

గోదావరిఖని: 2022 డిసెంబరు 18, ఆదివారం రాత్రి. ఖతార్ దేశంలోని లుసైల్ స్టేడియంలో దాదాపు 89 వేల మంది జనం మధ్య అర్జెంటీనా, ఫ్రాన్సు జట్లు ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు కోసం తలపడ్డాయి. ఆట 3-3తో సమమైంది. చివరకు పెనాల్టీల్లో 4-2తో అర్జెంటీనా గెలిచింది. టీవీల ముందు కూర్చున్న కోట్లాది మంది ఆటగాళ్ల పేర్లు చెప్పుకున్నారు. ఆ దేశంలో రోడ్లు వేసినవారు, ఇనుప కడ్డీలు వంచినవారు, పరంజాలు ఎక్కినవారు ఎవరన్న ముచ్చట ఆ రాత్రి పెద్దగా రాలేదు.

ఆ ముచ్చట తెలిసినవి బొగ్గుగనుల చుట్టూ ఉన్న పల్లెలు. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఊళ్లతో పాటు పెద్దపల్లి జిల్లా పల్లెల నుంచి కూడా ఏళ్ల తరబడి మనుషులు గల్ఫుకు పోతున్నారు. ఏ దేశం పోయినా ఊళ్లో 'దుబాయి పోయిండు' అనే అంటారు. కొడుకు ఉన్నది దోహాలోనా, దుబాయిలోనా అని తల్లికి తేడా తెలియకపోవచ్చు. ఆ దేశాల మధ్య తగాదా వస్తే మాత్రం ఆ వేడి ఆ తల్లి ఇంటికీ తగులుతుంది.

పాత జిల్లా అంత దేశం

ఖతార్ వైశాల్యం సుమారు 11,500 చదరపు కిలోమీటర్లు. పాత కరీంనగర్ జిల్లా కంటే కాస్త చిన్నదే. అక్కడ ఉండే దాదాపు 30 లక్షల మందిలో ఆ దేశ పౌరులు మూడు లక్షలకు అటూ ఇటూ మాత్రమే. మిగతా అందరూ బతుకుతెరువు కోసం పోయినవారే. వారిలో భారతీయులే ఏడు లక్షలకు పైగా ఉంటారు.

ఇక్కడి నుంచి పోవడానికి కారణాలు వెతకనక్కరలేదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇటీవలి సంవత్సరాల్లో ఆ సంఖ్య నలభై వేల చుట్టుపక్కలకు వచ్చింది. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడి, 2021లో కొత్త పేరుతో మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టే దాకా ఇరవై ఏళ్లకు పైగా పొగ లేకుండా నిలబడింది. గనిలో కొలువు దొరకనివారు, బోరు ఎండిపోయి అప్పులపాలైన రైతులు ఏజెంటు ఇంటి దారి పట్టారు. మిత్తికి తెచ్చిన పైసలతో వీసా కొన్నారు.

మొదటి రోజు నుంచీ తగాదానే

2010 డిసెంబరు 2న ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ 'ఫిఫా' 2022 పోటీలను ఖతార్‌కు అప్పగించింది. ఆఖరి ఓటింగులో ఖతార్‌కు 14, అమెరికాకు 8 ఓట్లు వచ్చాయి. ఆనాటి నుంచే ఓట్లు కొన్నారన్న ఆరోపణ మొదలైంది. 2020లో అమెరికా న్యాయశాఖ కోర్టు పత్రాల్లో కూడా ఆ మాట రాసింది. ఖతార్ దాన్ని ఒప్పుకోలేదు. వేసవిలో అక్కడ ఆట సాధ్యం కాదని, ఎప్పుడూ జూన్, జూలైలలో జరిగే పోటీలను నవంబరు, డిసెంబరులకు మార్చారు. ఆటగాళ్లకు ఎండ తప్పింది. స్టేడియాలు కట్టే కూలీలకు వేసవులన్నీ అక్కడే గడిచాయి.

2017 జూన్ 5న పెద్ద పిడుగే పడింది. సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు దేశాలు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. ఉగ్రవాదులకు సాయం చేస్తున్నదని, ఇరాన్‌తో స్నేహం చేస్తున్నదని వాటి ఆరోపణ. ఖతార్ కాదన్నది. అల్ జజీరా టీవీని మూసెయ్యాలన్న షరతుతో సహా 13 డిమాండ్లు పెట్టారు. ఖతార్‌కు భూమి మీద సరిహద్దు ఒక్క సౌదీతోనే ఉంది. ఆ దారి మూసేశారు. పాలు, కూరగాయల నుంచి నిర్మాణ సామాను దాకా వేరే దారులు వెతుక్కోవలసి వచ్చింది. టర్కీ, ఇరాన్ నుంచి సరుకులు వచ్చాయి. పాల కోసం ఆవులనే విమానాల్లో దింపుకున్నారు. భారత రేవుల నుంచి దోహాకు నేరుగా ఓడలు మొదలయ్యాయి.

'ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరిగినట్లు' అని సామెత. ఒక దేశంలో పని దొరక్కపోతే పక్క దేశానికి మారడం గల్ఫు కూలీలకు అలవాటు. ఖతార్‌కూ ఆ నాలుగు దేశాలకూ మధ్య మాత్రం ఆ దారి మూసుకుపోయింది.

ఈ పగ ఆట మైదానంలోకీ వచ్చింది. 2019 జనవరిలో అబుధాబిలో ఆసియా కప్పు సెమీఫైనల్లో ఖతార్ యూఏఈని 4-0తో ఓడిస్తే జనం చెప్పులు, సీసాలు విసిరారు. ఫైనల్లో జపానును ఓడించి ఖతార్ ఆ కప్పు గెలుచుకున్నది. 2022 పోటీలను 48 జట్లతో జరపాలని, పొరుగు దేశాలకూ కొన్ని ఆటలివ్వాలని ఫిఫా ఆలోచన చేసినా 2019 మేలో మానుకోక తప్పలేదు. చివరకు 2021 జనవరి 5న సౌదీలోని అల్ ఉలాలో రాజీ కుదిరింది.

గని చావుకు పుస్తకం ఉంది

అన్నిటికంటే పెద్ద వివాదం కూలీల చావుల మీద వచ్చింది. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ పత్రిక గార్డియన్ ఒక లెక్క బయటపెట్టింది. కప్పు ఖరారైన నాటి నుంచి పదేళ్లలో భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకలకు చెందిన 6,500 మందికి పైగా ఖతార్‌లో చనిపోయారని, వారిలో భారతీయులు 2,711 మంది అని రాసింది. వీరంతా స్టేడియాల్లో పనిచేసినవారు కారు. డ్రైవర్లు, కాపలాదారులు, అన్ని పనులవారూ ఆ లెక్కలో ఉన్నారు. స్టేడియాల పనిలో చనిపోయింది ముగ్గురేనని, మరో 37 చావులకు పనితో సంబంధం లేదని నిర్వాహకులు అన్నారు. పోటీలు జరుగుతుండగానే ఆ సంఘం ముఖ్యుడు హసన్ అల్ థవాది టీవీ ముఖాముఖిలో కప్పుకు సంబంధించిన పనులన్నీ కలిపితే 400 నుంచి 500 మంది దాకా ఉంటారని చెప్పారు. మూడు ఎక్కడ, అయిదు వందలు ఎక్కడ!

సింగరేణి కార్మికులకు ఈ తేడా తెలుసు. గనిలో మనిషి చనిపోతే చట్టం ప్రకారం యాజమాన్యం కబురు చెయ్యాలి, గనుల రక్షణ శాఖ అధికారులు దిగి విచారించాలి. యూనియన్లు గేటు ముందు నిలబడతాయి. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచుకొచ్చి 17 మంది పోయినప్పుడు ఎవరు, ఎందుకు, ఎట్లా పోయారన్నది ఊరంతా అడిగింది. న్యాయం ఎంత జరిగిందన్నది వేరే మాట. చావుకు కారణం మాత్రం కాగితం మీదికెక్కింది.

ఖతార్‌లో పోయిన చాలామంది కాగితాల మీద ఉన్నది ఒక్కటే మాట. 'సహజ మరణం', గుండె ఆగింది. ముప్పయి, నలభై ఏళ్ల మనిషి పగలంతా పనిచేసి రాత్రి క్యాంపులో పడుకుని తెల్లవారి లేవకపోయినా అదే మాట. ఖతార్ ప్రభుత్వమే పెట్టుకున్న న్యాయ సలహా సంస్థ ఇలాంటి చావులకు శవపరీక్ష జరిగేలా చట్టం మార్చాలని 2014లోనే సిఫార్సు చేసింది. ఖతార్‌లో చనిపోయిన నేపాలీ కూలీల మీద 2019లో అచ్చయిన వైద్య పరిశోధన ఆ గుండె జబ్బు చావులకు, ఎండవేడికి సంబంధం ఉన్నదని తేల్చింది.

ఒక్క మాటతో పోయే సొమ్ము

ఆ ఒక్క మాట ఇక్కడి కుటుంబాలకు ఎంత నష్టమో చూడాలి. పని వల్ల చనిపోతే ఖతార్ కార్మిక చట్టం కింద రెండు లక్షల రియాళ్ల పరిహారం ఉంది. 2022 నాటి ధరలో అది సుమారు 44 లక్షల రూపాయలు. భారత ప్రభుత్వ ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి 10 లక్షలు వస్తాయి. 'సహజ మరణం' అని రాస్తే ఈ రెండూ అందవు. పెట్టె వస్తుంది, ఏజెంటుకు కట్టిన అప్పు మిగులుతుంది.

తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫు దేశాల్లో చనిపోయినవారి కుటుంబాలకు అయిదు లక్షల సాయం ప్రకటించింది. అది 2023 డిసెంబరు 7 తర్వాతి మరణాలకే వర్తిస్తుంది. ఖతార్ కప్పు పనుల కాలంలో పోయినవారు ఆ లెక్కలోకి రారు.

అక్కడ పెంచారు, ఇక్కడ తగ్గించారు

ప్రపంచమంతా వేలెత్తి చూపడంతో ఖతార్ కొన్ని చట్టాలు మార్చింది. అంతకుముందు 'కఫీల్' అనుమతి లేనిదే కూలీ వేరే కంపెనీకి మారడానికి లేదు, దేశం దాటడానికీ లేదు. 2018 నుంచి 2020 లోపు ఈ రెండు కట్టుబాట్లూ చాలా వరకు తీసేశారు. 2021 మార్చి 20 నుంచి నెలకు కనీసం 1,000 రియాళ్ల జీతం అమలులోకి వచ్చింది. కంపెనీ తిండి, వసతి ఇవ్వకపోతే మరో 800 ఇవ్వాలి. వేసవిలో ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా బయట పని చేయించరాదన్నారు. కాగితం మీద ఉన్నదంతా క్యాంపుల దాకా రాలేదని కార్మిక సంఘాలు అంటూనే ఉన్నాయి.

చిత్రమేమంటే, వెయ్యి రియాళ్లంటే సుమారు 275 డాలర్లు. ఖతార్ ఆ చట్టం తెస్తున్న 2020 సెప్టెంబరులోనే మన కేంద్ర ప్రభుత్వం గల్ఫుకు పోయే కూలీల కనీస సిఫార్సు వేతనాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించి, ఖతార్‌కు 200 డాలర్లుగా నిర్ణయించింది. కరోనా వేళ ఉద్యోగాలు పోకుండా కాపాడడానికేనని చెప్పింది. దీని మీద తెలంగాణలో గొడవ జరిగింది, హైకోర్టులో వ్యాజ్యం పడింది. 2021 జూలైలో పాత వేతనాలే తిరిగి వచ్చాయి. పల్లెల గొంతు ఢిల్లీ దాకా వినపడిన సందర్భం ఇది.

పోటీల వేళ యూరప్ జట్లు చేతి పట్టీల మీద పట్టుబట్టడం, జర్మనీ ఆటగాళ్లు నోటికి చేతులు అడ్డం పెట్టి ఫొటో దిగడం పత్రికల నిండా వచ్చాయి. కూలీలకు పరిహారం కింద 44 కోట్ల డాలర్లు, అంటే జట్లకిచ్చే బహుమతి సొమ్ముకు సమానంగా, కేటాయించాలని ఆమ్నెస్టీ వంటి సంస్థలు అడిగాయి. ఫిఫా 2024లో ప్రకటించిన 5 కోట్ల డాలర్ల నిధి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాణిజ్య సంస్థల పథకాలకు పోయింది. పెట్టెలు వచ్చిన ఇళ్లకు నేరుగా ఏమీ రాలేదు.

ఇక సౌదీ వంతు

ఈ కథ ఇక్కడితో అయిపోలేదు. 2034 ప్రపంచ కప్పును ఫిఫా 2024 డిసెంబరు 11న సౌదీ అరేబియాకు అప్పగించింది. పోటీకి మరో దేశమే లేదు. అక్కడ స్టేడియాలు, రైలు దారులు, హోటళ్లు కట్టడానికి మళ్లీ మనుషులు కావాలి. ఏజెంట్లు మళ్లీ ఊళ్లకు వస్తారు.

పోయేవారు కొన్ని చూసుకోక తప్పదు. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్నదా లేదా అన్నది 'ఈ-మైగ్రేట్' జాబితాలో తెలుస్తుంది. పదో తరగతి పాసుకాని వారు కూలి పనికి పోవాలంటే ప్రవాసుల రక్షణాధికారి అనుమతి తప్పనిసరి. ఆ అనుమతితోనే బీమా వస్తుంది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు కడితే చాలు. విజిట్ వీసా మీద పంపిస్తానన్న ఏజెంటు ఆ బీమాను, ఆ అనుమతిని రెంటినీ ఎగ్గొడుతున్నట్లే లెక్క. ఒప్పంద పత్రం, పాస్‌పోర్టు, బీమా కాగితం నకళ్లు ఇంట్లో ఒక సెట్టు ఉంచాలి. రేపు ఏదైనా జరిగితే ఇంటామె చేతిలో ఉండే ఆధారాలు అవే.

గ్రామ పంచాయతీలో ఎవరు ఏ దేశం పోయారో, ఏ కంపెనీలో ఉన్నారో రాసిపెట్టే పుస్తకం ఒకటి ఉంటే మేలు. గని చావుకు పుస్తకం ఉన్నట్లే ఎడారి చావుకూ ఉండాలి. 2034 నాటికి స్టేడియాలు లేస్తాయి. వాటితో పాటు ఈ పుస్తకం కూడా సిద్ధమయ్యేలా అధికారులు, ప్రజాప్రతినిధులు ఇప్పటి నుంచే పూనుకోవలసి ఉంది.