పట్టు, పాలు, పళ్లెం: సైబరాబాద్‌లో వీగన్ జీవనం – సామాజిక న్యాయం

ఉపోద్ఘాతం

1944లో ఇంగ్లండులో డోనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు వీగన్ సొసైటీని స్థాపించినపుడు, పాలు, గుడ్లు కూడా మానివేసిన శాకాహారులకు ఒక పేరు కావలసివచ్చింది. 'వీగన్' అన్న మాట అప్పుడు పుట్టినదే. ఆహారం, వస్త్రం మొదలైన ఏ ప్రయోజనం కోసమైనా జంతువులను దోపిడీ చేయడాన్ని, హింసించడాన్ని సాధ్యమైనంత మేరకు, ఆచరణకు వీలైనంత మేరకు వదులుకోవడమే వీగనిజమని ఆ సంస్థ తరువాతి కాలంలో నిర్వచించింది. ఈ నిర్వచనంలో 'సాధ్యమైనంత మేరకు' అన్న పరిమితి కీలకమైనది. ఎవరికి ఎంత సాధ్యమన్నది వారి ఆదాయం, వృత్తి, ఊరు, కులం నిర్ణయిస్తాయి.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో రూపొందిన ఐటీ ఉద్యోగుల జీవనంలో ఈ మాట నేడు తరచుగా వినిపిస్తున్నది. ఆరోగ్యం, పర్యావరణం, జీవకారుణ్యం, వ్యక్తిత్వ వికాసం అనే ప్రేరణలు ఇందులో కలగలిసి ఉన్నాయి. అయితే తెలుగు సమాజంలో తిండిని గురించి మాట్లాడడమంటే చాలావరకు కులాన్ని గురించి మాట్లాడడమే. ఈ రెండింటి మధ్య వీగన్ ఆలోచన ఎక్కడ నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

మడి, హింస

వీగనిజాన్ని శాకాహారానికి మరింత కఠినమైన రూపంగా భావించడం పరిపాటి. ఇది సరికాదు. మన సంప్రదాయ శాకాహారానికి కొలమానం శుచి. వీగన్ ఆలోచనకు కొలమానం హింస. ఈ తేడాకు పట్టుబట్టకు మించిన ఉదాహరణ లేదు. మడికి పట్టు శ్రేష్ఠమని మన ఇళ్లలో నమ్మకం. కానీ తెగని దారం కోసం పట్టుకాయలను లోపలి పురుగుతో సహా ఆవిరికి, వేడినీటికి గురిచేస్తారు. ఉల్లిపాయను కూడా వంటింట్లోకి రానివ్వని ఆచారం ఈ పట్టును కట్టుకునే దేవుని ముందు కూర్చుంటుంది.

ఈ ప్రశ్నను ఎదుర్కొన్న వ్యక్తి హైదరాబాదులోనే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ చేనేత సహకార సంస్థ ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్య, నాటి రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ సతీమణి జానకి వెంకట్రామన్, పురుగులను చంపకుండా నేసిన పట్టుచీర దొరుకుతుందా అని అడగడంతో ఆ దిశగా ప్రయోగాలు మొదలుపెట్టారు. చిలుక కాయను చీల్చుకొని ఎగిరిపోయిన తరువాత మిగిలిన గూటి నుంచి నూలు వడికే పద్ధతి ఆయనది. దారం తెగి ఉంటుంది కనుక దాన్ని ఒకే పోగుగా తీయలేరు. పత్తి మాదిరిగా వడకాలి. మెరుపు తగ్గుతుంది, శ్రమ పెరుగుతుంది, ధరా పెరుగుతుంది. 'అహింసా పట్టు' పేరుతో ప్రసిద్ధి పొందిన ఈ వస్త్రం, కరుణకయ్యే ఖర్చును ఎవరో ఒకరు భరించక తప్పదని కూడా చూపుతున్నది.

పాల సంగతి

పాల విషయం మరింత చిక్కైనది. ఆహార పొట్లాలపై కనిపించే పచ్చ చుక్క పాలను, తేనెను శాకాహారంగానే లెక్కిస్తుంది. అందుకే భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022లో వీగన్ ఆహారానికి విడిగా నిబంధనలను, చిహ్నాన్ని తెచ్చింది.

ఈనని గేదె పాలివ్వదు. పుట్టిన దూడల్లో సుమారు సగం మగవి. ట్రాక్టరు వచ్చిన తరువాత దున్నపోతుకు పొలంలో పని లేదు, దాన్ని మేపే స్తోమత చిన్న రైతుకు లేదు. అది ఆకలితో చస్తుంది, లేదా కబేళాకు చేరుతుంది. అనగా పెరుగన్నం తినే శాకాహారి కూడా మాంస వ్యవస్థలో భాగస్వామే. యామినీ నారాయణన్ 2023లో ప్రచురించిన 'మదర్ కౌ, మదర్ ఇండియా' గ్రంథం పాడి, మాంసం పరిశ్రమల మధ్యగల ఈ బంధాన్నే చర్చించింది. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించే ఆచారాన్ని కూడా ఈ కోణంలో అధ్యయనం చేయవలసి ఉన్నది. అందుకు విడిగా ఒక వ్యాసం కావాలి.

పళ్లెంలో కులం

2014 నాటి నమూనా నమోదు వ్యవస్థ ప్రాథమిక సర్వే ప్రకారం తెలంగాణలో 98 శాతానికి పైగా మాంసాహారులు. కనుక ఇక్కడ మాంసం మానమని చెప్పే గొంతు, అది ఎవరిదైనా, ముందుగా అగ్రవర్ణ గొంతుగానే వినిపిస్తుంది. ఈ అనుమానానికి చరిత్ర ఉన్నది. బ్రాహ్మణులు గోమాంసాన్ని విడిచిపెట్టి గోవును పవిత్రం చేసిన తరువాత కూడా దాన్ని తినడం కొనసాగించినవారే అంటరానివారయ్యారని అంబేద్కర్ 1948లో వాదించాడు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు బీఫ్ పండుగ జరిపినపుడు చెలరేగిన ఘర్షణలు ఆ చరిత్ర ముగియలేదని తెలిపాయి.

ఐటీ నడవాలో ఇది మరో రూపం దాల్చింది. 'శాకాహారులకే అద్దెకు' అనే షరతు అపార్టుమెంట్లలో కొత్తది కాదు. 2024 మార్చి 19న జొమాటో సంస్థ 'ప్యూర్ వెజ్' సేవను ప్రకటించి, ఆ ఆహారాన్ని తెచ్చేవారికి ఆకుపచ్చ దుస్తులు నిర్ణయించింది. విమర్శలు రావడంతో మరునాడే ఆ రంగును ఉపసంహరించుకున్నది. సేవ మాత్రం కొనసాగింది. ఎరుపు దుస్తుల కార్మికుణ్ణి గేటు వద్దే ఆపివేసే ప్రమాదం ఉన్నదని కార్మికులు గుర్తించారు. 2022లో హైదరాబాదులో ఒక కస్టమర్ ముస్లిం కార్మికుడు వద్దని ఆర్డరులో రాసిన సంగతిని కార్మిక సంఘ నాయకుడు షేక్ సలావుద్దీన్ బయటపెట్టి ఉన్నాడు. 'ప్యూర్' అనే విశేషణం జంతువుకు జరిగే హింసను గురించి ఏమీ చెప్పదు. అది వండిన చేతిని, తెచ్చిన చేతిని గురించి మాట్లాడుతుంది. వీగన్‌లు దీనినుంచి తమను స్పష్టంగా వేరుచేసుకోకపోతే వారి సంస్కారం పాత మడికి ఇంగ్లీషు పేరుగా మిగిలిపోతుందని నా అభిప్రాయం.

ఎవరికి ఎంత సాధ్యం

బాదం పాలు, ఓట్ పాలు కొనగల జీతం ఉన్నవారికే ఈ మార్గమన్న విమర్శ సగమే నిజం. జొన్నరొట్టె, పచ్చిపులుసు, సర్వపిండి, గోంగూర పప్పు నెయ్యి తగలనంతవరకు వీగన్ ఆహారమే. పాలు, గుడ్లు, మాంసం అన్నీ మానినవారికి విటమిన్ బి12 మాత్రం మొక్కల నుంచి లభించదు. మాత్రల ద్వారానో, ఆ విటమిన్ కలిపిన ఆహారం ద్వారానో తీసుకోక తప్పదు. వ్యక్తిత్వ వికాస ప్రసంగాలు ఈ చిన్న విషయాన్ని దాటవేయడం బాధ్యతారాహిత్యం.

జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు బీడుభూముల్లో చిరుధాన్యాలు, పప్పుధాన్యాలు కలిపి పండించి 2019లో ఈక్వేటర్ పురస్కారం పొందారు. వారి సేద్యానికి ఆధారం పశువుల ఎరువు. మాదాపూర్ ఉద్యోగి పళ్లెంలోని కొర్రలు ఆ పశువు లేకుండా పండవు. ఆమెను వీగన్ కాదని తప్పుపట్టే హక్కు ఆ పళ్లేనికి లేదు.

భూమి ప్రశ్న ఇంకా దగ్గరిది. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో బుల్డోజర్లు చెట్లను కూల్చినపుడు జింకలు, నెమళ్లు చెదిరిపోయాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థులు అడ్డుకొని నిర్బంధానికి గురయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులను నిలిపివేసింది. ఆ నేలను అభివృద్ధి చేయదలచినది ఐటీ, వ్యాపార భవనాల కోసమే. ఆ భవనాల క్యాంటీన్‌లో ఏమి వడ్డిస్తారన్నది, అవి ఏ జీవుల నేలపై నిలుస్తాయన్న ప్రశ్న తరువాతనే వస్తుంది.