మంచినీటి చెరువు: పంపు, వడపోత మడి

కృష్ణా, గోదావరి డెల్టాలలో పెక్కు గ్రామములకు మంచినీటి చెరువే ఆధారము. ధవళేశ్వరము వద్ద 1852లోను, విజయవాడ వద్ద 1855లోను ఆనకట్టలు పూర్తియైన పిదప విస్తరించిన కాలువలే ఈ చెరువులను నింపుచున్నవి. సముద్రతీరమునకు చేరువనున్న అనేక గ్రామములలో భూగర్భజలము ఉప్పన. కావున కాలువలు కట్టివేసిన వేసవిలో నిలువ చేసికొనిన చెరువు నీరే ఊరికి దిక్కు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో త్రాగునీటిని కూడ చేర్చినది. కనుక ఈ నీటిని శుభ్రపరచి ఇంటింటికి చేర్చుట ఎట్లో సభ్యులందరు తెలిసికొనుట అవసరము.

నీరు చాలకున్నప్పుడు పంచాయతీ సమావేశములో మొట్టమొదట వినవచ్చు మాట "పెద్ద పంపు వేయింతము" అనునది. ఈ మాట మంచి ఉద్దేశముతో పుట్టినదే. కాని వడపోత మడి శక్తిని లెక్కింపక పంపును కొన్నచో ధనము వ్యర్థమగుటయే గాక ఊరి ఆరోగ్యమునకు ముప్పు కలుగును. మొదట మడి, తరువాత పంపు: ఇదియే సరియైన క్రమము.

వడపోత మడి పని చేయు తీరు

వాడుకలో ఫిల్టరు బెడ్డు అని పిలువబడు ఈ మడిలో అడుగున గులకరాళ్లు, వానిపై సుమారు ఒక మీటరు మందమున సన్నని ఇసుక, ఆపైన మరియొక మీటరు ఎత్తున నీరు ఉండును. ఇసుక మురికిని జల్లెడవలె ఆపుట ఈ పనిలో ఒక భాగము మాత్రమే. కొన్ని దినములలో ఇసుకపై సన్నని జిగురుపొర ఏర్పడును. అందులో నివసించు సూక్ష్మజీవులు నీటిలోని రోగక్రిములను చాలవరకు హరించును. ఈ పొరయే మడికి ప్రాణము.

దీని విలువకు చరిత్రలో గొప్ప నిదర్శనము కలదు. 1892లో జర్మనీలోని హాంబర్గు నగరమున కలరా వ్యాపించి ఎనిమిది వేలమందికి పైగా మరణించిరి. దానిని ఆనుకొనియున్న ఆల్టోనా పట్టణము అదే ఎల్బే నది నీటిని, అదియు హాంబర్గునకు దిగువన, తీసికొనుచున్నను, ఇసుకలో వడబోసి సరఫరా చేయుటచే చాలవరకు తప్పించుకొనెను.

అయితే ఈ పొర నెమ్మదిగా దిగు నీటినే శుభ్రపరచగలదు. చదరపు మీటరు ఇసుకకు గంటకు 100 లీటర్లు తగిన వేగము. 200 లీటర్లను మించరాదు.

లెక్క వేయు విధము

మూడువేల జనాభా గల గ్రామమును తీసికొందము. మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున 1,65,000 లీటర్లు కావలెను. మడి రేయింబవళ్లు నడచునది గనుక గంటకు సుమారు 6,900 లీటర్లు. ఇందుకు 70 చదరపు మీటర్ల ఇసుక చాలును. దీనిని 7 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల రెండు మడులుగ కట్టవలెను. ఒకదానిని శుభ్రపరచునపుడు రెండవది హద్దు మీరక ఊరిని ఆదుకొనును.

ఇప్పుడు పంపు సంగతి. సెకనుకు తోడవలసిన లీటర్లను, ఎత్తవలసిన మీటర్లతో గుణించి 75చే భాగించినచో అశ్వశక్తి వచ్చును. పంపులోను మోటారులోను కలుగు నష్టమునకై దానిని రెట్టింపు చేయవలెను. చెరువు నుండి మడికి ఎగువనున్న తొట్టికి, గొట్టములలోని రాపిడితో కలిపి, 8 మీటర్ల ఎత్తు అనుకొందము. దినమునకు 16 గంటలు నడిపినచో సెకనుకు 2.9 లీటర్లు. లెక్క ప్రకారము ఒక అశ్వశక్తి పంపు చాలును. వడబోసిన నీటిని 20 మీటర్ల ఎత్తునకు, అనగా ఊరి ట్యాంకునకు, పది గంటలలో ఎక్కించుటకు మూడు అశ్వశక్తుల పంపు చాలును. మిగులు ధనముతో ప్రతి చోట ఒక్కొక్క అదనపు పంపును సిద్ధముగ ఉంచుట మేలు.

చెరువు వద్ద ఐదు అశ్వశక్తుల పంపు పెట్టి నేరుగ మడిలోనికి విడిచినచో ఏమగును? ధార ఉరవడికి జిగురుపొర చిరుగును, మడి పొంగును. పొంగకుండుటకై దిగువ వాల్వును పూర్తిగ తెరచినచో నీరు శుభ్రపడకయే ఇండ్లకు చేరును. చూచుటకు తేటగనే యుండును, అందే ప్రమాదమున్నది.

మరువరాని జాగ్రత్తలు

పంపు ఫుట్‌వాల్వు అడుగు బురదకును, పైని నాచుకును తగులరాదు. పంపు నీటిమట్టమునకు ఆరు మీటర్లకు మించి ఎత్తున ఉన్నచో నీటిని సరిగా పీల్చుకొనలేదు.

మడి మూసికొనిపోయి నీరు దిగనప్పుడు పై ఇసుకను ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే చెక్కివేయవలెను. పొర మరల కట్టువరకు, కొన్ని దినములు, ఆ మడి నీటిని త్రాగుటకు వదలరాదు.

బ్లీచింగు పౌడరును చెరువులో గాని మడిలో గాని చల్లరాదు. అది మేలుచేయు జీవులనే చంపును. వడబోసిన నీటిలోనే కలుపవలెను. ఊరి చివరి కుళాయి వద్ద లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియున్నదో లేదో క్లోరోస్కోపుతో ప్రతిదినము చూడవలెను.

ఇసుక మడి ఉప్పును గాని, ఫ్లోరైడును గాని, పొలముల నుండి వచ్చు పురుగుమందులను గాని తొలగింపజాలదు. కావున చెరువు గట్టును కాపాడి, పశువులను, మురుగును, పొలముల నీటిని దరిచేరనీయరాదు. నీటిని పరీక్షశాలకు పంపుట తప్పనిసరి.

ఇక ముందు పంపు కొనుగోలు తీర్మానము సభ ముందునకు వచ్చినపుడు సభ్యులు మూడు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి: మన మడి వైశాల్యమెంత? గంటకు ఎన్ని లీటర్లు వడబోయగలదు? దానిని కనిపెట్టియుండు మనిషికి జీతము, శిక్షణ ఏర్పరచితిమా? వీనికి సమాధానము దొరకిన పిదపనే ధరల పట్టికను చేతికి తీసికొనవలెను. పసిబిడ్డ త్రాగు గ్లాసెడు నీరు క్షేమకరమైనదగుట ఈ మూడు సమాధానములపై ఆధారపడియున్నది.