నరము, కండరము, స్నాయువు: నివేదికలలో వాడదగిన మాటలను గూర్చి

గాయపు నివేదికలలోను, జనన మరణ పట్టికలలోను, నష్టపరిహారపు దరఖాస్తులలోను మిక్కిలి తఱచుగా కనబడుచు మిక్కిలి తక్కువ యర్థము నిచ్చు మాట యొకటి కలదు. అది "నరము". కుడిచేతి నరము తెగినదని గ్రామోద్యోగి వ్రాసి పంపును. పై కచేరీలో దానిని ఆంగ్లమున "నెర్వ్" అని తర్జుమా చేయుదురు. తెగినది రక్తనాళమా, స్నాయువా, నిజముగా నాడియా యని వైద్యుడు చూచువఱకు ఎవరికిని తెలియదు. వైద్యశాఖలో తర్జుమా పని చేయువారికి ఈ చిక్కు దినదినము ఎదురగునదే. పురపాలక సంఘముల యొక్కయు తాలూకాల యొక్కయు అధికారులు కండరములకు సంబంధించిన ముఖ్యపదములను ఎఱిగి, ఏ మాట యెచ్చట వాడదగునో నిర్ణయించుకొనుటకై యీ వ్యాసము వ్రాయబడినది.

మొదట వస్తువులను వేఱుపఱచి చెప్పవలెను. కండరమనగా ముడుచుకొను శక్తి గల మాంసభాగము. మేకమాంసమున మనము ఎఱ్ఱగా చూచునది ఇదియే. ఎముకల నంటియుండి యిచ్ఛానుసారముగా కదలు కండరములు మానవశరీరమున ఆఱువందలకు పైగా కలవు. పెద్దవాని బరువులో నూటికి సుమారు 40 పాళ్లు వీనిదే. గుండె కండరము వేఱొక జాతి, ప్రేగుల గోడలలోను రక్తనాళముల గోడలలోను ఉండునది మూడవ జాతి. ఈ రెండును మన యిచ్ఛకు లోబడవు. కండరపు చివర తెల్లని త్రాడువలె గట్టిపడి యెముక నంటుకొనునది స్నాయువు. మడమ వెనుక వ్రేళ్లతో పట్టి చూడదగిన బలమైన త్రాడు ఇట్టిదే. కీలునొద్ద ఎముకను ఎముకతో కట్టియుంచునది సంధిబంధనము. కాలు మడతపడి చీలమండ వాచి, బెణికినదని చెప్పునప్పుడు సాధారణముగా సాగినది గాని చినిగినది గాని ఈ బంధనమే. మెదడునుండియు వెన్నుపామునుండియు కండరమునకు ఆజ్ఞను, చర్మమునుండి లోనికి స్పర్శను మోయునది నాడి. రక్తమును గుండెకు మఱలించునది సిర.

ఈ యైదింటిని మన జనులు నరమనియే వ్యవహరింతురు. నరమునకు సూది వేసిరన్నచో సిర, నరముల బలహీనత యన్నచో నాడులు, మడమ నరమన్నచో స్నాయువు, కాలు బెణికి నరము తొలగినదన్నచో బంధనము, మెడనరము పట్టినదన్నచో బిగుసుకొనిన కండరము. తమిళపు "నరంబు", కన్నడపు "నర" దీని దాయాదులే. పాఠ్యపుస్తకములు నెర్వును "నాడి" యనుచున్నవి గాని, పల్లెలో నాడి యనగా వైద్యుడు మణికట్టున పట్టి చూచు కొట్టుకొనుట మాత్రమే.

ఇది దేశ్యపదముల లోపమనియు, సంస్కృతపదము వేసినచో తీరుననియు తలచుట విద్యావంతులకు వాడుక. అది నిజము కాదు. సుశ్రుతసంహితయందలి శారీరస్థానము పేశులు 500, స్నాయువులు 900, సిరలు 700, సంధులు 210 అని లెక్కించినది. పేశులలో 400 కాలుసేతులందును, 66 మొండెమునందును, 34 మెడనుండి పైభాగమునను ఉన్నవని చెప్పినది. ఈ సంఖ్యలు నేటి శాస్త్రముతో సరిపోవు. అయినను వస్తువులను విడివిడిగా చూచిన ఆ దృష్టి శ్లాఘనీయము. ఆ గ్రంథముననే 16 "కండర"లు చెప్పబడినవి. అవి మాంసము కావు, లావైన స్నాయువులు. తెలుగున ఆ మాటయే కండరమై మాంసమునకు పేరైనది. "కండ" యను దేశ్యపదముతో గల పోలిక యిందుకు తోడ్పడి యుండవచ్చును. కావున కండర తెగినదని ఆయుర్వేద పండితుడు వ్రాసినచో ఒక యర్థము, ఆస్పత్రి కాంపౌండరు వ్రాసినచో మఱియొక యర్థము.

స్నాయువు పడిన పాట్లు ఇంతకంటె విచిత్రములు. అది తెలుగున త్రాడు, వంగభాషలో నెర్వు, మరాఠీలోను కన్నడములోను కండరము. షోలాపూరు మిల్లులలో మన నేతపనివారు తరములుగా ఉన్నారు. అచ్చట గాయపడిన వాడొకడు మరాఠీ పత్రముతో స్వగ్రామమునకు వచ్చినచో, అందలి "స్నాయూ" అను మాటను మన గుమాస్తా మార్పు లేకుండ ఎత్తి వ్రాయును. కండకు తగిలిన దెబ్బ అంతటితో త్రాడు తెగుటగా మాఱిపోవును. లిపి మాఱినదే గాని మాట మాఱలేదు గదా యని అతడు నిశ్చింతగా నుండును.

పరభాషలవారు ఈ విషయమున ఏమి చేసిరో కొంచెము చూడవచ్చును. కలకత్తాలో 1822లో నేటివ్ మెడికల్ ఇన్‌స్టిట్యూషన్ ఏర్పడగా, పీటర్ బ్రెటన్ 1825లో శరీరభాగముల పేర్లను ఆంగ్లము, అరబ్బీ, పారసీకము, హిందీ, సంస్కృతములలో ప్రక్కప్రక్కన కూర్చిన పదకోశమును ప్రకటించెను. తెలుగు అందులేదు. హైదరాబాదున 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో బోధన సాగించినది. ఉర్దూవైద్యములో కండరము "అజలా", స్నాయువు "వతర్", బంధనము "రిబాత్", నాడి "అసబ్". నాలుగు వస్తువులకు నాలుగు మాటలు, ఒకదానితో నొకటి కలియదు. యునానీ పరంపరనుండి వచ్చిన యీ పదజాలము మనదానికంటె మేలని యొప్పుకొనక తప్పదు.

ఇక లాటిను పేర్లను చూచి వెఱవ పని లేదు. ఐరోపాలోను ఒక్కొక్క భాగమునకు పలుపేర్లు ప్రబలి గందరగోళము కాగా 1895లో బాసెల్ నగరమున ఒక పట్టిక నిర్ణయించిరి. అది పలుమార్లు సవరింపబడి 1998లో అంతర్జాతీయ పరిభాషగా వెలువడినది. ఆ పేర్లు విడదీసినచో మిక్కిలి సామాన్యములు. కండరమునకు పేరైన "మస్క్యులస్" అనగా చిట్టెలుక. తొడమీద ఏటవాలుగా పోవు "సార్టోరియస్" దర్జీవాని కండరము. కాళ్లు మడిచి కూర్చుండి కుట్టుపని చేయువాని భంగిమనుబట్టి ఆ పేరు వచ్చినది. బుగ్గలోని "బక్సినేటర్" బాకా ఊదువాడు. భుజముమీది "డెల్టాయిడ్" గ్రీకుల త్రికోణాక్షరము. పిక్కలోని "గాస్ట్రొక్నీమియస్" అనగా కాలికడుపు. "పిక్క" యను మన మాట దానికంటె చిన్నది, స్పష్టమైనది. దానిని కొట్టివేసి "జంఘాపేశి" యని దిద్దుట వ్యర్థశ్రమ.

ఒక్క యుదాహరణమును విపులముగా చూడదగును. కొడవలి గాని గాజుపెంకు గాని మణికట్టు లోపలివైపున తెగవేసినదనుకొందము. రెండంగుళముల వెడల్పులో అచ్చట సిరలు, ధమనులు, వ్రేళ్లను ముడుచు స్నాయువులు, వాని నడుమ నాడులు క్రిక్కిఱిసి యున్నవి. సిర మాత్రమే తెగినచో నల్లని రక్తము కాఱును, శుభ్రమైన గుడ్డతో అదిమి చేయి పైకెత్తినచో నిలుచును, వ్రేళ్లన్నియు ముడుచుకొనును. ధమని తెగినచో రక్తము ఎఱ్ఱగా, కొట్టుకొనుచు చిమ్మును. స్నాయువు తెగినచో రక్తము కొంచెమే యైనను ఏదో యొక వ్రేలు ముడువరాదు, కాని ఆ వ్రేలికి స్పర్శ యుండును. మణికట్టు నడుమనున్న నాడి తెగినచో బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు మొద్దుబాఱును. బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్లకు ఎదురుగా తెచ్చుట కష్టమగును. కొన్ని నెలలకు దాని మొదటనున్న కండ కృశించి పల్లమగును.

కట్టు కట్టగానే నెత్తురు నిలిచి, పది దినములలో చర్మము మానును. ఇంటివారును, ఒక్కొక్కప్పుడు ఉద్యోగియు, నరము అతుకుకొన్నదని తృప్తిపడుదురు. లోపల తెగిన స్నాయువు పైకొనను దాని కండరము మోచేతివైపునకు లాగుకొని పోవుచుండును. వారములు గడచినకొలది రెండు కొనలను కలిపి కుట్టుట దుస్సాధ్యమగును. నాడిని కుట్టిన తరువాత అది దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మాత్రమే పెరుగును. ఏడాది, ఏడాదిన్నరలోపల నాడి చేరని కండరము తిరిగి పనికి రాదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టపు మొదటి అనుసూచిక, అవయవము పూర్తిగాను శాశ్వతముగాను పనికిరాకపోయినచో అది పోయినట్లే యెంచవలెనని చెప్పినది. ఇట్టి విషయమున నరము తెగినదను రెండు మాటలు దేనికిని సాక్ష్యము కావు. ఏ వ్రేలు ముడువలేదు, ఏ వ్రేలికి సూదిమొన తెలియలేదు అని గాయమైన దినముననే వ్రాసిన పంక్తి చేతికిని, కూలికిని గూడ ఆధారము.

ఇట్టి మఱియొక చిక్కుమాట "పక్షవాతము". పక్షమనగా ప్రక్క. మెదడులో రక్తనాళము మూసికొనిపోయినను పగిలినను శరీరమున ఒక ప్రక్క పడిపోవుటకు ఈ పేరు తగును. కాని మన పట్టికలలో ఒక కాలు పడిపోయిన పసివానికిని, రెండు కాళ్లు బిగిసిన రైతునకును ఇదే పేరు పెట్టుచున్నారు. "చచ్చుబడినది" యను ఇంటిమాట యింతకంటె నిజాయితీ గలది. దానికి అవయవము మెత్తబడి వ్రేలాడుచున్నదా, బిగుసుకొని యున్నదా యను ఒక్క విశేషణము చేర్చిన చాలును. వెన్నుపాములోని కండరచాలక కణములు గాని, వానినుండి వచ్చు నాడులు గాని చెడినచో కండరము మెత్తబడి, పిమ్మట ఎండిపోవును. మెదడునుండి వెన్నుపామునకు దిగు మార్గము చెడినచో కండరము బిగియును. మధ్యపరగణాలలో కేసరిపప్పు చిరకాలము తిన్నవారికి కాళ్లు కొయ్యబాఱి మునివ్రేళ్లపై నడచుట ఈ రెండవ తరగతిది. పోలియో మొదటి తరగతిది.

ఈ భేదము పండితుల వినోదము కాదు. మనదేశమున 1997లో ఆరంభమైన నిఘాలో పదునైదేండ్లలోపు బిడ్డకు ఏ యవయవమైనను అకస్మాత్తుగా మెత్తబడి చచ్చుబడినచో, కారణము ఏదని తోచినను వెంటనే తెలుపవలెను. చచ్చుబడిన 14 దినములలోపల, ఒకదానికొకటి 24 గంటలైన ఎడముగా, రెండు మార్లు మలమును పరీక్షకు పంపవలెను. 2011 జనవరిలో హౌరా జిల్లాలో కనబడినది మనదేశపు కడపటి సహజ పోలియో రోగము. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా మండలము పోలియో లేనిదిగా ప్రకటింపబడినది. ఆ తరువాతను పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తానములలో రోగము కనబడుచు వచ్చినందున నిఘా విడువబడలేదు. బిడ్డకు "పక్షవాతము" అని వ్రాసి కాగితము కట్టలో చేర్చినచో ఆ పదునాలుగు దినములు కచేరీలోనే గడచును.

కండరములు తమంతట బిగియుటకును మనకు పలుమాటలు కలవు. వాంతిభేదిలో నీరును లవణమును పోయినందున పిక్కలు ఉండకట్టి బాధించును. అవి కొంకర్లు, మనిషికి తెలివి యుండును. మూర్ఛలోని యీడ్పులలో తఱచుగా తెలివి తప్పును. ధనుర్వాతమున మొదట దవడ కట్టుకొనును, పిమ్మట వెన్ను విల్లువలె వంగును, శబ్దమైనను తాకినను ఈడ్పు వచ్చును. ఇంత బాధలోను తెలివి నిలిచియుండుట దాని క్రూరత్వము. పుట్టిన బిడ్డకు ఇది వచ్చినప్పుడు పల్లెలలో గాలి సోకినదనియో, పురిటివాయువనియో చెప్పుదురు. మొదటి రెండు దినములు చక్కగా పాలు త్రాగి యేడ్చిన బిడ్డ, మూడవ దినమునకును ఇరువదియెనిమిదవ దినమునకును నడుమ పాలు చీకలేక, బిగిసి, యీడ్చుకొని మరణించినచో దానిని పురిటివాయువని వ్రాసి విడువరాదు. తల్లికి టీకా పడెనా, బొడ్డు దేనితో కోసిరి, దానిమీద ఏమి పూసిరి అని విచారింపవలెను. ఈ రోగము మనదేశమున నిర్మూలన స్థాయికి దిగినదని 2015లో నిర్ధారింపబడినది. అనగా జిల్లాకు వేయి జననములలో ఒకటికంటె తక్కువయని యర్థము, బొత్తిగా లేదని కాదు.

నివేదికలో చెప్పినవాని మాటను చెప్పినట్లే మొదట ఉంచి, దాని ప్రక్కను అవయవము, వైపు, చేయలేని పని, స్పర్శ, దినము వ్రాయవలెను. శాస్త్రీయనామమును వైద్యుడు తరువాత చేర్చుకొనును. ఒక మాదిరి: "కుడిచేతి నరము తెగినదని చెప్పినాడు. మణికట్టు లోపలివైపున కొడవలి గాయము, రెండంగుళములు. నడిమివ్రేలు ముడువలేడు. తక్కిన వ్రేళ్లు ముడుచును. అన్ని వ్రేళ్లకు సూదిమొన తెలియుచున్నది. గాయము నేటి ఉదయమున. సాయంకాలము నాలుగు గంటలకు ఆస్పత్రికి పంపబడినాడు."